కాకెంగిలి బిస్కట్టు

నవంబరు ఆఖరుకి మామిడికుదురు బేకరీ ముందు డబ్బాలు బారులు తీరతాయి. రేకు డబ్బాలు, ప్లాస్టిక్ డబ్బాలు, మూత వదులైపోయిన పాత పాలపొడి డబ్బాలు. మా వైపు క్రిస్మస్‌కి బిస్కట్లు కొనుక్కోవడం తక్కువ, చేయించుకోవడమే ఎక్కువ. మైదా, పంచదార, నెయ్యి ఎవరివి వాళ్ళు తెచ్చి ఇస్తే, బేకరీ వాళ్ళు పిండి కలిపి, మిషన్లో గీతలు గీతలుగా వత్తి, బట్టీలో కాల్చి, ఎవరి డబ్బా వాళ్ళకి నింపి ఇస్తారు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మలుపు తిరిగితే చాలు, వేడి నెయ్యి వాసన, ఏలకుల వాసన ఆటోలోకి వచ్చేస్తాయి.

మొన్న నవంబరులో ఆ మలుపులో నేను చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

పక్కన కూర్చున్న మా ఆయన చూసి, "దుమ్మా?" అన్నారు.

"కాదండి. వాసన."

అమలాపురంలో కంటి డాక్టరు గారి దగ్గర నుంచి తిరిగి వస్తున్నాం. కళ్ళలో వేసిన చుక్కల మందుకి ఎండంతా చెదిరిపోయి, రోడ్డు పక్క కొబ్బరిచెట్లు నీళ్ళలో నీడల్లా కనిపిస్తున్నాయి. డాక్టరు గారు మంచి మనిషి. మెల్లగా, విడమరిచి చెప్పారు. కంటి వెనక పొర మీద సన్నటి నెత్తురు చుక్కలు పుట్టాయట. ఇప్పటికిప్పుడు భయం లేదు. కానీ ఒంట్లో సుగర్ ఇలాగే ఉంటే అవి పెరుగుతాయి. "పోయిన చూపుని మేం వెనక్కి తేలేమమ్మా, ఉన్నదాన్ని నిలబెట్టగలం, అంతే," అన్నారు. జనవరిలో మూడు నెలల సుగర్ పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. అది దిగితే సరే. దిగకపోతే లేజరు, కంట్లో ఇంజక్షన్లు.

జనవరికి ముందు డిసెంబరు ఉంది. నా భయమంతా దాని గురించే.

మా ఆయన ఒక చిన్న సంఘానికి పాస్టరు. మందిరం ఊరి చివర దళితుల పేటలో ఉంది, మా ఇల్లు మందిరం వెనకే. డిసెంబరు వచ్చిందంటే రోజూ సాయంత్రం కుటుంబ కూడికలు. ఒక్కో సాయంత్రం రెండు మూడు ఇళ్ళు. ప్రతి ఇంట్లో పాట, వాక్యం, ప్రార్థన, ఆ తరవాత పళ్ళెం. పళ్ళెంలో బిస్కట్లు, కేకు ముక్క, ఒక్కోచోట పూతరేకు, పక్కన పంచదార దండిగా వేసిన టీ. పాస్టరు గారు, ఆయన భార్య ముట్టుకున్నాకే ఇంట్లోవాళ్ళు తింటారు. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, అయినా తప్పదు.

నాకు తీపంటే అయిష్టమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. బిస్కట్టుని టీలో ముంచి, విరిగి పడేలోపు నోట్లో పెట్టుకోవడంలో నాకున్న నేర్పు మా ఇంట్లో ఎవరికీ లేదు. పూతరేకు పొర నాలిక మీద కరిగిపోయి, నెయ్యీ బెల్లమూ మాత్రం మిగిలే ఆ క్షణంలో నేను ఎన్నోసార్లు మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. తీపిని కూడా దేవుడే చేశాడు కదా.

మా అమ్మాయి కాకినాడలో నర్సు. డాక్టరు గారు చెప్పింది విని, ఆ ఆదివారమే వచ్చి నా ఫోనులో ఒక యాప్ పెట్టింది. తిన్నది అందులో కొడితే కేలరీల లెక్క చెబుతుంది.

"తినొద్దనడం లేదమ్మా," అంది. "రోజుకి ఒక చిన్న ముక్క తీపి తినొచ్చు. అదేదో నువ్వే ఎంచుకో. తిన్నాక మాత్రం రాయి."

"ఇది నా మనస్సాక్షి చేసే పనే కదే."

"నీ మనస్సాక్షి గ్రాములు చెప్పదు కదమ్మా."

ఆ యాప్‌కి కుకీ తెలుసు, డోనట్ తెలుసు. పాలతాలికలు తెలియవు. పనసాకు బుట్టలో ఉడికించే పొట్టిక్క అని కొడితే ఏదో అరవ ఊరి పిండివంట చూపించింది. నేతి బిస్కట్టుకి ఒక విదేశీ బిస్కట్టు బొమ్మ పెట్టి, ఎన్ని గ్రాములని అడిగింది. నవ్వుకున్నాం. కానీ అమ్మాయి వెళ్ళిపోయాక ఆ ఒక్క ముక్క మాట నా మనసులో పాతుకుపోయింది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు కూడా లెక్క అదే. తెల్లారి ఏరుకున్నది ఆ రోజు వాటా. ఆశపడి దాచుకుంటే పురుగు పట్టేది. రుచి కూడా తేనె కలిపిన అప్పంలా ఉండేదట. దేవుడు తీపిని కొలిచి ఇచ్చాడు. నేనే కొలవకుండా తిన్నాను.

సరే, రోజుకి ఒక ముక్క. కానీ ఒక సాయంత్రం మూడు ఇళ్ళకి వెళ్తే ఆ ముక్క ఎవరింట్లో తినాలి? ఒకరింట్లో తిని పక్కింట్లో మానేస్తే ఏమనుకుంటారు? ఆలోచించి ఆలోచించి, అందరిళ్ళలోనూ మానేయడమే న్యాయమనుకున్నాను. కారణం మాత్రం చెప్పదలచుకోలేదు. పాస్టరు గారి భార్యకే చూపు పోతోందట అన్న మాట సంఘంలో పడితే అది ఎక్కడిదాకా పోతుందో నాకు తెలుసు. ఆయన రోగుల మీద చేతులుంచి ప్రార్థించే మనిషి. ఇంట్లోవాళ్ళకి కాని స్వస్థత మనకేమవుతుందని ఎవరో ఒకరు నవ్వుతూనే అంటారు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. శుక్రవారం స్త్రీల కూడికలో వాక్యం చదివేది నేను. వచ్చేవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు, అక్షరం రానివాళ్ళు. నేను చదివితే వాళ్ళు వింటారు, విన్నది కంఠతా పట్టి వారమంతా పనిలో చెప్పుకుంటారు. రెండేళ్ళు వాక్య శిక్షణకి వెళ్ళి నేను నేర్చుకున్నది ఆ శుక్రవారాల కోసమే అని నా నమ్మకం. ఆ చూపే పోతే నేను ఎందుకు పనికొస్తాను?

మా అమ్మకి సుగర్ వల్లే చూపు పోయింది. చివరి రోజుల్లో పళ్ళెం అంచు వేళ్ళతో తడుముకుంటూ, ఇది గారా, బూరా అని అడిగేది.

ఇక్కడ మా అమ్మ గురించి ఇంకొంచెం చెప్పాలి. మా పుట్టిల్లు ఈ దగ్గర్లోనే. కొబ్బరితోటలు, వరిచేలు ఉన్న ఇల్లు. మా నాన్నగారు పెద్ద జబ్బు చేసి, ప్రార్థన వల్ల లేచి తిరిగి, విశ్వాసంలోకి వచ్చారు. ఆయన వెనక నేనూ వచ్చాను. అమ్మ మాత్రం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. మా పెరట్లో కొబ్బరికాయలు వలిచే ఆడవాళ్ళు అమ్మని "అమ్మగారండి" అని పిలిచేవారు, ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. పండగ నాడు అమ్మ వాళ్ళకి తీపి పెట్టేది. బోలెడు పెట్టేది. కానీ చేతికి చెయ్యి తగలకుండా, పైనుంచి వాళ్ళ కొంగులో వేసేది.

తరవాత నేను పేటలో పుట్టిన ఈయన్ని పెళ్ళి చేసుకుని పాస్టరు గారి భార్యనయ్యాను. పాస్టరు గారి భార్యని కూడా మా వైపు అమ్మగారనే అంటారు. పిలుపు ఒకటే. ఇన్నేళ్ళలో వాళ్ళిళ్ళలో తిన్నాను, తాగాను, పడుకున్నాను. అయినా ఎవరైనా "అమ్మగారండి" అని పిలిచిన ప్రతిసారీ, ఇది ఏ అమ్మగారు, మందిరంలోదా, మా పెరట్లోదా అని నా లోపల ఒక చెవి నిక్కబొడుచుకుని వింటూనే ఉంటుంది.

కుటుంబ కూడికల్లో మొదటి ఇల్లు ఎప్పుడూ మామ్మదే. పేరుకి పేటంతటికీ మామ్మ. వయసులో ఉన్నప్పుడు మా పుట్టింటి పెరట్లో కాయలు వలిచిన మనిషి. ఇప్పుడు పింఛను, వాకిట్లో ఒక కొబ్బరిచెట్టు, మనవల రాకపోకలు. తన చెట్టు కాయనే కోరి, ఎండబెట్టి, బేకరీకి పట్టుకెళ్ళి పిండిలో కలిపించుకుంటుంది. ఆ కొబ్బరి బిస్కట్లు మామిడికుదురు మొత్తమ్మీద ఇంకెవరి డబ్బాలోనూ ఉండవు.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక మామ్మ పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది.

"తినండమ్మగారూ. ఈయేడు కొబ్బరి ఎక్కువేయించేనండి."

పళ్ళెం నిండా ఉన్నాయి. అంచులు ఎర్రగా కాలి, మధ్యలో కొబ్బరి కోరు మెరుస్తోంది. నేను చెయ్యి చాపలేదు. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా మా ఆయన అందుకున్నారు.

"అమ్మగారు ఉపవాసంలో ఉన్నారు మామ్మా."

నన్ను ఇబ్బంది నుంచి తప్పించాలనే ఆయన అలా అన్నారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన పళ్ళెం వైపు చూశారు.

మామ్మకి చదువు రాకపోయినా వాక్యం తెలుసు. నేను చదివి వినిపించిందే. "అదేంటండి అయ్యగారూ," అంది, "పెళ్ళికొడుకు ఇంట్లో ఉండగా పెళ్ళివారు ఉపవాసముంటారేంటండి? ప్రభువు పుట్టిన నెలండి ఇది."

ఇంట్లోవాళ్ళంతా నవ్వేశారు. మా ఆయన కూడా నవ్వి, తన వాటా కాక నా వాటా కూడా తినేశారు. మామ్మ ఊరుకోలేదు. కొన్ని బిస్కట్లు కాగితంలో చుట్టి, అరటి నారతో కట్టి నా చేతిలో పెట్టింది. "ఉపవాసం విడిచేక తినండి. వద్దనకండమ్మగారూ."

ఆ పొట్లం రెండు రోజులు మా వంటింట్లో ఉంది. దాన్ని చూసి నేను భయపడినంత పామును చూసి కూడా భయపడలేదు. డబ్బాలో పెడితే డబ్బా పిలిచేది. పై అరలో పెడితే స్టూలు కనిపించేది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే నెయ్యి వాసన. ఒకసారి నార విప్పి, ఒక మూల చిటికెడు విరిచి, ఫోను తీసి, ఎన్ని గ్రాములో తెలియక మళ్ళీ కట్టేశాను. దేహం దేవుడి ఆలయం అంటారు కదా, ఆలయం తలుపు దగ్గర ఒక బిస్కట్టు ఇంత గలాటా చేయగలదని నాకు తెలియదు.

మూడో రోజు పొద్దున్న చేపలావిడ వచ్చింది. ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. మాకు ఎప్పటినుంచో వాడుక. కాసిని చేపలు కొని, ఆ పొట్లం ఆవిడ చేతిలో పెట్టేశాను.

"పిల్లలకి పట్టుకెళ్ళమ్మా."

"బిస్కట్లా అండి? దేవుడిచ్చినట్టిచ్చేరు," అని గంప అంచున దోపుకుని వెళ్ళిపోయింది.

నా గుండె తేలికపడింది. మంచి పనే చేశానని కూడా అనుకున్నాను.

ఆ వారం స్త్రీల కూడికకి మామ్మ రాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఆదివారం మాత్రం వచ్చింది. ఎప్పుడూ ముందు చాప మీద, నా పక్కన కూర్చునే మనిషి వెనక గోడకి ఆనుకుని కూర్చుంది. ఆరాధన అయ్యాక నేనే వెళ్ళి పలకరించాను.

"వందనాలు మామ్మా. శుక్రవారం రాలేదేం?"

మామ్మ లేచి నిలబడింది. చేతులు జోడించింది.

"దండాలండి, అమ్మగారూ," అంది.

బయటివాళ్ళకి ఇందులో తేడా కనిపించకపోవచ్చు. మందిరంలో మేమందరం ఒకరికొకరం వందనాలు చెప్పుకుంటాం. పెద్దా చిన్నా లేదు, పాస్టరూ పాలేరూ లేదు. దండాలు వేరు. పెరట్లో నిలబడి, చెప్పులు విడిచి, మా అమ్మకి పెట్టేవి దండాలు. ఆ మాట మామ్మ నోట నేను మళ్ళీ వింటానని అనుకోలేదు. ఆవిడ వెళ్ళిపోయింది.

కారణం చేపలావిడే తెచ్చింది. పాపం, ఆవిడకి ఏమీ తెలియదు.

"మొన్న మీరిచ్చిన బిస్కట్లు భలే ఉన్నాయండి. దారిలో మామ్మ అరుగు మీద గంప దించి, మంచినీళ్ళు తాగి, ఓటి తిను మామ్మా, అమ్మగారిచ్చేరు అన్నానండి. ఆవిడ పొట్లం చూసి, నార పట్టుకుని చూసి, మాటాడకుండా లోపలికెళ్ళిపోయిందండి. ఏంటో మరి."

"నువ్వేమన్నావు?"

"ఏమంటానండి. ఆవిడ తింటం లేదు గదాని నేనే తిన్నానండి."

చేపల గిన్నె చేతిలో పట్టుకుని నేను గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఉపవాసం అబద్ధమని మామ్మకి తెలిసిపోయింది. ఉపవాసమైతే విడిచాక తినేదాన్ని. ఆవిడ చేతి బిస్కట్టు నేను తినలేదు, ఇంట్లో కూడా ఉంచుకోలేదు. మామ్మ ఎలా అర్థం చేసుకుంటుంది? మా అమ్మ కొంగులో పడేసిన తీపి అందుకున్న మనిషి ఇంకెలా అర్థం చేసుకోగలదు?

మా ఆయనతో చెప్తే, "నేను వెళ్ళి మాట్లాడతాలే," అన్నారు.

"మీరు చెప్పిన ఉపవాసం చాలండి."

ఆయన నొచ్చుకున్నారు. అయినా "నిజం చెప్పేద్దాం. దాచాల్సిన పాపమేం కాదు కదా," అన్నారు.

"మరి సంఘం?"

"సంఘం మోస్తుందో లేదో బరువు పెడితేనే కదా తెలిసేది."

ఆయన ప్రసంగంలో చెప్పాల్సిన మాట అది, వంటింట్లో చెప్పారు. నాకు ధైర్యం రాలేదు. మర్నాడు వెళ్దామనుకున్నాను, వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఈలోగా కూడికలు జరుగుతూనే ఉన్నాయి, పళ్ళేలు వస్తూనే ఉన్నాయి. ఇప్పుడు చెయ్యి చాపకపోవడం ఒక భయం, చాపడం ఇంకో భయం. ప్రతి ఇంట్లో నా చేతినే చూస్తున్నారనిపించేది. ఒకచోట తట్టుకోలేక కేకు ముక్క తీసుకుని, నమలడం మరిచి మింగేశాను. రుచి కూడా తెలియలేదు. ఆ రోజు వాటా అలా వృథా అయిపోయింది.

శుక్రవారం వచ్చింది. మన్నా భాగమే చదువుదామని ముందే అనుకున్నాను. స్త్రీలందరూ కూర్చున్నారు, మామ్మ చోటు ఖాళీ. రెండు వాక్యాలు చదివానో లేదో పేజీ మీద నల్లటి చుక్క ఒకటి కదిలింది. పురుగనుకుని చేత్తో తుడిచాను. పోలేదు. కళ్ళు పక్కకి తిప్పితే నాతోపాటు పక్కకి వచ్చింది. అక్షరం మీద ఆగింది. ఆ అక్షరం ఏమిటో కనిపించలేదు.

నేను ఆగిపోయాను. ఎదురుగా ఉన్నవాళ్ళు నన్ను ఆత్మ తాకిందనుకుని మెల్లగా స్తోత్రం, స్తోత్రం అనడం మొదలుపెట్టారు. కంఠతా వచ్చిన కీర్తన ఒకటి చెప్పి, ప్రార్థన చేసి ముగించాను. అందరూ వెళ్ళిపోయాక అమ్మాయికి ఫోను చేశాను. వెంటనే డాక్టరుకి చెప్పమంది. డాక్టరు గారు కొన్ని ప్రశ్నలు అడిగి, మెరుపులు గానీ తెర పడినట్టు గానీ లేవంటే, మర్నాడు పొద్దున్నే వచ్చి చూపించుకోమన్నారు. మెరుపులొస్తే మాత్రం ఆగకుండా బయల్దేరమన్నారు.

ఫోను పెట్టేసి చెప్పులేసుకున్నాను. చూపు ఉండగా మామ్మ మొహం చూసి చెప్పాలనిపించింది.

మామ్మ వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని కొబ్బరి కోరుతోంది. నన్ను చూసి గబగబా లేచి, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. ఎప్పుడూ ఇద్దరం చాప మీదే కూర్చుంటాం.

"కూర్చోండమ్మగారూ. కాఫీ ఇద్దునండి... మీరు తాగరు గదా."

నేను కుర్చీలో కూర్చోలేదు. చాప లేదు కనుక నేల మీదే కూర్చున్నాను.

"మామ్మా, నాకు సుగర్ ఎక్కువైంది. కంట్లో నెత్తురు చుక్కలొచ్చాయి. ఇవాళ అక్షరాలు కనిపించలేదు. తీపి తింటే చూపు పోతుందన్నారు. ఆ పొట్లం ఇంట్లో ఉంటే తినేస్తానని భయపడి ఇచ్చేశాను. నీ చేతిదని కాదు మామ్మా."

మామ్మ కత్తిపీట పక్కకి జరిపింది. చేతికంటిన కొబ్బరి కోరు ఒక్కొక్కటే దులుపుకుంది.

"మీ అమ్మగారికొచ్చినట్టా అండి?"

"అలాగే."

"ఆవిడ మంచం మీదున్నప్పుడు చూసొద్దారని వెళ్ళేనండి నేను. ఎవరే అన్నారు. నేనండి అమ్మగారూ అన్నాను. చెయ్యి చాపేరు. నా చెయ్యంతా తడిమేరు, మొహం తడిమేరు. ఎంత చిక్కిపోయేవే అన్నారు." మామ్మ గొంతులో నిష్ఠూరం లేదు, చూసింది చూసినట్టు చెప్పింది. "కళ్ళు పోయేకే నన్ను ముట్టుకున్నారండి మీ అమ్మగారు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే కంటికి ఏమవుతుందోనని మళ్ళీ భయమేసి ఆపుకున్నాను.

"మరి ముందే చెప్పొద్దాండి?" అని మామ్మ కసిరింది. "ఉపవాసమంట, ఉపవాసం! అయ్యగారికి అబద్ధం కూడా సరిగ్గా రాదండి. అదే ఉపవాసంలో మా పక్కింట్లో పంచదార లేని టీ తాగేరంట మీరు."

"తాగాను."

"పేటంతా తెలుసండి."

లేచి లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. మామ్మ ఒక్క బిస్కట్టు తీసి, "ఎంత తినొచ్చన్నారండి మీకు?" అంది.

"రోజుకి ఒక చిన్న ముక్క."

"ఇయ్యాల తిన్నారా?"

"లేదు."

మామ్మ బిస్కట్టుని కొంగులో చుట్టి నోటి దగ్గర పెట్టుకుంది. కాకెంగిలి. చిన్నప్పుడు బళ్ళో జీడిముక్కలు, తేగముక్కలు అలాగే పంచుకునేవాళ్ళం. గుడ్డ అడ్డం పెట్టి కొరికితే అది ఎంగిలి కిందికి రాదని పిల్లల లెక్క. డెబ్భై దాటిన మనిషి నా ముందు కొంగు అడ్డం పెట్టుకుని కొరకబోతోంది. నాకు ఎంగిలి అంటకూడదని.

"కొంగు తీసెయ్యి మామ్మా."

"వద్దండి. పాపం నాకొద్దు."

"పాపమని ఎక్కడ చదివి వినిపించాను నీకు?"

మామ్మ ఆలోచించింది. చదివినవన్నీ ఆవిడకి గుర్తే. నిజంగానే వెతుక్కున్నట్టుంది. తరవాత సగం పళ్ళు ఊడిన నోరు విప్పి నవ్వింది. "లేదండి. ఎక్కడా లేదు."

కొంగు తీసేసింది. ఉన్న పళ్ళతో, పక్క దవడతో కొరికింది. పెద్ద ముక్క తన నోట్లో ఉంచుకుని, గోరంత ముక్క నా అరచేతిలో పెట్టింది. నా అరచేతికి ఆవిడ వేళ్ళు తగిలాయి, కొబ్బరి జిడ్డుతో, గరుగ్గా. ఆ ముక్క అంచున తడి ఉంది. నోట్లో వేసుకున్నాను. నెయ్యి, ఏలకులు, కాలిన కొబ్బరి. మింగకుండా ఎంతసేపు ఉంచుకోగలనో అంతసేపు ఉంచుకున్నాను. ఆ రుచి చివర ఎక్కడో భయం ఉంది, అయినా ఆ నెల మొత్తంలో నేను రుచి తెలిసి తిన్నది అదొక్కటే. మందిరంలో ప్రభువు బల్ల దగ్గర విరిచి ఇచ్చే రొట్టె ముక్క కూడా ఇంతే ఉంటుంది. దాన్ని మేము ఎప్పుడూ చాలదనలేదు.

ఇంటికొచ్చి ఫోను తీశాను. ఎన్ని గ్రాములని అడిగింది. రాయకుండా మూసేశాను.

మర్నాడు డాక్టరు గారు చూసి, కొత్త చుక్క ఒకటి తేలిందని, దాన్ని కనిపెట్టుకుని ఉండాలని, జనవరి పరీక్ష మాత్రం తప్పించొద్దని చెప్పారు. అంతకుమించి హామీ ఇవ్వలేదు.

నా రహస్యం మామ్మ దాచలేదు, దాచమని నేను అడగలేదు. ఆ తరవాత కూడికలన్నిటికీ మాకన్నా ముందు మామ్మ వెళ్ళేది. "అమ్మగారికి సుగరంటమ్మా, కళ్ళకొచ్చింది. ఇయ్యాల్టి ముక్క ఇందాకటి ఇంట్లో తినేసేరు. మీరు మరమరాలు పెట్టండి," అని గుమ్మంలోనే చాటింపు వేసేది. సంఘం నా బరువు మోసిందో లేదో గానీ, సలహాలు మాత్రం దండిగా ఇచ్చింది. ఒకరు కాకరరసం, ఒకరు మెంతులు, ఒకరు నేరేడు గింజల పొడి. నేను లేనప్పుడు ఇంకేమైనా అనుకున్నారేమో తెలియదు. అనుకునే ఉంటారు. శుక్రవారాలు మాత్రం నేను చదువుతున్నంతసేపూ ఎవరో ఒకరు నా మొహం వంకే చూస్తూ ఉంటారు, తడబడతానేమోనని.

ఇవాళ బేకరీ ముందు డబ్బాలేమీ లేవు. పండగ అయిపోయింది. రక్తం నిన్న ఇచ్చాను, ఫలితం సాయంత్రానికి వస్తుందన్నారు. ఉండబట్టక మామ్మ వాకిటికి వెళ్ళాను. ఆవిడకి ఈ మధ్య ఒక అలవాటైంది. నేను కనిపిస్తే చాలు, నా కళ్ళకి పరీక్ష పెడుతుంది. ఆ గోడ మీద రాసిందేంటండి, ఆ వచ్చేదెవరండి అని.

"అదిగోనండి, ఆ కొబ్బరిమట్ట మీద కాకి. కనిపిస్తందా అండి?"

తలెత్తాను. ఎండలో మట్ట చివర నల్లటిది ఒకటి ఉంది. అది కాకో, నా కంట్లో చుక్కో తెలియలేదు. కన్ను కదిపితే చుక్క కూడా కదులుతుంది, అందుకని రెప్ప కూడా వేయకుండా, ఊపిరి బిగబట్టి, దాన్నే చూస్తూ నిలబడ్డాను. పక్కన మామ్మ కూడా మట్ట వైపే చూస్తూ నిలబడింది.

కాసేపటికి అది అరిచింది.

"ఆయ్, కాకే మామ్మా," అన్నాను.